కాలనీలో స్టీల్ బ్యాంకు నడపడం: నా అనుభవం

స్టీల్ బ్యాంకు అంటే ఫంక్షన్లకి స్టీలు ప్లేట్లు, గ్లాసులు ఇచ్చి, అయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటు. కాలనీలో అలాంటిది పెడదామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ప్లేటు ధర. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అంట్లు ఎవరు తోముతారన్నది. ప్లేట్లకి చందా ఎలాగోలా వస్తుంది. మూడొందల మంది తిన్న ప్లేట్లు రాత్రి పదకొండింటికి ఎవరు కడుగుతారో తేలకపోతే, తర్వాతి ఫంక్షన్‌కి జనం మళ్ళీ పేపర్ ప్లేట్ల కట్టలే తెచ్చుకుంటారు.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం. అయినా ఫంక్షన్ మర్నాడు చెత్త బండిలో చూడండి: లోపల మెరిసే పేపర్ ప్లేట్లు, పేపర్ గ్లాసులు, అరిటాకు బొమ్మ వేసిన పచ్చ పేపర్, పావు లీటరు నీళ్ళ సీసాలు. పేపర్ గ్లాసులో నీళ్ళు కారకుండా ఆపేది లోపలున్న సన్నని పాలిథిన్ పొరే. దానికి అన్నం, కూర అంటుకున్నాక పాత సామాన్లు కొనేవాళ్ళు కూడా ముట్టుకోరు. సిద్దిపేటలో స్టీల్ బ్యాంకులు మొదలయ్యాక ఈ పద్ధతి గురించి చాలామందికి తెలిసింది. తెలిసినంత తేలిగ్గా నడవదు కాబట్టే ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

కొనేటప్పుడు ఒకే సైజు, ఒకే రకం తీసుకోండి. పన్నెండు అంగుళాల ప్లేటు, అంచు మడిచినది, బరువు 250 నుంచి 300 గ్రాములు ఉండాలి. ఇంతకంటే పలచటివి చవకే, కానీ బఫేలో ఒంటిచేత్తో పట్టుకుంటే వంగుతాయి, కింద పడితే సొట్ట పోతాయి. పేరు అడుగున చెక్కించకండి. పై అంచు మీద ఉంటే క్యాటరింగ్ కుర్రాళ్ళు ప్లేటు తిప్పి చూడకుండానే వాళ్ళవి, మనవి వేరు చేస్తారు. ఇంట్లో ఉన్న పాత ప్లేట్లు విరాళంగా ఇస్తామనేవాళ్ళకి సున్నితంగా వద్దని చెప్పండి. అన్నీ ఒకటే రకమైతే పాతిక ప్లేట్ల దొంతర ఎప్పుడూ ఒకే ఎత్తుంటుంది. నాలుగు దొంతరలు పక్కపక్కన పెడితే ఏది పొట్టిగా ఉందో, ఎక్కడ వేరేవాళ్ళ ప్లేటు దూరి సందు వచ్చిందో కంటికి తెలిసిపోతుంది. అర్ధరాత్రి ఒక్కొక్కటీ లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

ఎన్ని కావాలన్నది భోజనం పెట్టే తీరును బట్టి ఉంటుంది. బంతికి యాభై మంది కూర్చుంటే 150 ప్లేట్లతో ఎంతమందికైనా పెట్టొచ్చు: యాభై వడ్డనలో, యాభై కడుగుడులో, యాభై ఆరి సిద్ధంగా. బఫే అయితే జనమంతా ఒకేసారి మీద పడతారు, పిలిచినవాళ్ళలో మూడింట రెండొంతులకి సరిపడా ఉండాల్సిందే. గ్లాసులు ప్లేట్లకి ఒకటిన్నర రెట్లు పెట్టుకోండి, ఎందుకంటే మంచినీళ్ళకి లేచిన ప్రతిసారీ కొత్త గ్లాసు తీసుకునేవాళ్ళే ఎక్కువ. పెరుగుకీ, స్వీటుకీ చిన్న గిన్నెలు లేకపోతే ప్లాస్టిక్ కప్పులు మళ్ళీ వెనక దారిన వచ్చేస్తాయి.

ఇక అసలు పని. ఎంగిలి దులిపే చోట రెండు పాత్రలుండాలి: మిగిలిన అన్నం, కూరలకి పెద్ద బకెట్టు, దానికంటే ముందు స్పూన్లకి నీళ్ళ టబ్బు. స్పూన్లు పోయేది ఇక్కడే. తిన్నవాళ్ళు స్పూన్ అన్నంలో గుచ్చి వదిలేస్తారు, దులిపేటప్పుడు రెండూ కలిసి బకెట్టులో పడతాయి. మొదటి అరగంట మన మనిషి ఒకరు అక్కడ నిలబడి చెబితే చాలు, వెనకవాళ్ళు ముందువాళ్ళని చూసి చేస్తారు. టిష్యూలకి వేరే బుట్ట పెడితే ఆ బకెట్టు నేరుగా ఎరువు గుంటకి పోతుంది.

దులిపిన ప్లేటు వెంటనే ఉత్త నీళ్ళలో మునగాలి. పప్పు, నెయ్యి ఎండితే రుద్దే టైము రెట్టింపవుతుంది. తర్వాత గోరువెచ్చని సబ్బు నీళ్ళు, కొబ్బరి పీచు. ఆపైన జాడించడానికి రెండు టబ్బులు. సుమారు యాభై ప్లేట్లకి మొదటి జాడింపు టబ్బులో నూనె తేలుతుంది. ఆ నీళ్ళు పారబోసి, రెండో టబ్బుని దాని స్థానంలోకి జరిపి, చివర మంచినీళ్ళు పట్టాలి. ఇలా చేస్తే గ్లాసులతో కలిపి నూరు ప్లేట్లకి వంద లీటర్ల లోపే అవుతుంది. కుళాయి తిప్పేసి కడిగితే ఎన్ని పోతాయో లెక్కే ఉండదు. బ్లీచింగ్ వాడొద్దు, క్లోరిన్‌కి స్టీలు మీద సన్నని గుంటలు పడతాయి. తడి మీద దొంతర పెట్టొద్దు: వాసన వస్తుంది, బోరు నీళ్ళైతే తెల్ల మరకలు కడతాయి. రాత్రిపూట పాత నూలు పంచె ముక్కలతో తుడవాలి, పగలైతే ఎండలో గోడకి వారగా నిలబెడితే చాలు.

తోమేవాళ్ళ కూలి ఫంక్షన్ ఇంటివాళ్ళే నేరుగా వాళ్ళ చేతికివ్వాలని బుకింగ్ కాగితం మీదే రాసుకోండి. వాళ్ళకి నిలబడి తోముకునేంత ఎత్తు బల్ల, గ్లౌజులు, వెలుతురు, ముందుగా భోజనం ఉండాలి. వలంటీర్లుగా మనం మన టైము ఇస్తున్నామని కూలికి వచ్చిన మనిషి కష్టాన్ని కూడా సేవ లెక్కలో వేయడం అన్యాయం.

వందమందికి సరిపడా సామానుకి రెండు వేలు అడ్వాన్సు, పోయిన ప్లేటుకి కొత్త ప్లేటు ధర, ఇంతే మా నియమం. దినకర్మలకి అడ్వాన్సు అడగం, ఆ ఇంటికి సామాను మేమే చేరుస్తాం. ఇంకో విషయం మొహమాటపడకుండా ముందే తేల్చుకోండి: మాంసం వడ్డించిన ప్లేట్లు శాకాహారులు తీసుకోరు. ఎంత బాగా కడిగామని వాదించినా లాభం లేదు. అంచు మీద వేరే గుర్తుతో వంద సెట్లు విడిగా, విడి అల్మారాలో ఉంచితే పూజలకీ, వ్రతాలకీ నిశ్చింతగా తీసుకెళ్తారు.

క్యాటరర్‌తో మాట్లాడాల్సింది అడ్వాన్సు ఇచ్చే రోజే. వాళ్ళు చెప్పే ప్లేటు రేటులో పేపర్ ప్లేట్లు, నీళ్ళ సీసాలు కలిసే ఉంటాయి. అవి తీసేసి రేటు చెప్పమనండి, ఆ తగ్గిన డబ్బు కడిగే కూలిలో చాలావరకు పూడుతుంది. నీళ్ళకి మనిషికి ముప్పావు లీటరు చొప్పున మూడొందల మందికి 225 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పన్నెండు. ఎండాకాలం పద్దెనిమిది చెప్పండి. ట్యాపు ఉన్న స్టీలు డ్రమ్ములు రెండైనా, హాలుకి ఆ చివరొకటి, ఈ చివరొకటి ఉండాలి. ఒకే చోట పెడితే క్యూ కడుతుంది, ఎవరో ఒకరు సీసాల కేసు తెప్పిస్తారు.

వినాయక చవితి అన్నదానానికి మాత్రం స్టీలు ప్లేట్లు ఇవ్వం. గంటలో వెయ్యిమంది వస్తారు, వీధిలోనే నిలబడి తింటారు, కడిగే తీరిక దొరకదు, ప్లేట్లు చెల్లాచెదురవుతాయి. అక్కడికి మోదుగాకు, అడ్డాకు విస్తళ్ళే సరి. వాటిని వారం ముందే చెప్పి, కట్ట విప్పి చూసి తీసుకోవాలి. వానల్లో తడిగాలికి బూజు పడతాయి. విస్తళ్ళతో పాటు స్టీలు గ్లాసులూ, డ్రమ్ములూ మండపానికి పంపుతాం, గ్లాసుల దగ్గర మాత్రం ఇద్దరు మనుషులు కదలకుండా ఉండాలి.