8 సెకన్ల కిందటి మనిషి

సంక్రాంతికి అమలాపురం దగ్గరి మా తాతగారి మండువా లోగిలిలో చుట్టాలంతా చేరతారు గనుక, ఇన్నేళ్లుగా చదవడమే తప్ప చూడలేకపోయిన ఒక వీడియో కళాకృతిని నా చేతనైనంతలో అక్కడే కట్టి చూడాలనుకున్నాను. అమెరికన్ కళాకారుడు డాన్ గ్రాహమ్ 1974లో అద్దాల గోడలున్న గదిలో కెమెరా, తెర అమర్చి, లోపలికి వచ్చినవారి రూపాన్ని 8 సెకన్లు ఆలస్యంగా చూపించాడు. ఎదుటి అద్దంలో పడిన ఆ తెరను కూడా కెమెరా పట్టుకుంటుంది గనుక, 8 సెకన్ల కిందటి బొమ్మలో 16 సెకన్ల కిందటిది, అందులో 24 సెకన్ల కిందటిది ఒదిగి కనిపిస్తాయి.

నాకు అద్దాల గోడలెక్కడివి? పోయిన మామ్మ బీరువాకున్న రసం పోయిన అద్దం, రొయ్యల చెరువు కాపలాకు బాబాయి కొన్న సీసీ కెమెరా, ఒక టీవీ, నా ల్యాప్‌టాప్ సమకూరాయి. సెకనుకు 25 చొప్పున 200 ఫ్రేములు దాచి, ముందు చేరినదాన్ని ముందు వదిలే ప్రోగ్రాంకు ఒక్క రాత్రి చాలింది. మండువాలో పడే ఎండతోనే రెండు రోజులు పోయాయి. మబ్బు కదిలినప్పుడల్లా మనుషులు నల్లని నీడలైపోతుంటే, చివరకు పైన టార్పాలిన్ కట్టించాను. బొమ్మలో బొమ్మ మూడో వరుస దాకా పోల్చుకోగలిగేలా వచ్చింది, ఆపైన అంతా మసకే.

అసలు తప్పు నాది. 8 సెకన్లు ఎవరూ ఆగరేమోనని మొదట 2 సెకన్లే పెట్టాను. కువైట్‌లోని కొడుకుతో రోజూ వీడియో కాల్‌లో మాట్లాడే మా మేనత్త తెర చూడగానే, "సిగ్నల్ లేదేంట్రా?" అంది. కొద్దిపాటి ఆలస్యాన్ని ఎవరైనా యంత్రం లోపమనే అనుకుంటారు. చేసిన పని మరచిపోయేంత వ్యవధి ఉంటే తప్ప తెర మీది మనిషి పరాయిగా తోచదని అప్పుడు అర్థమై, మళ్లీ 8కి మార్చాను.

మరునాడు అత్త నడిచి వచ్చి టీవీ ఎదుట ఆగింది. కాసేపటికి తెర మీద ఒకావిడ నడుము పట్టుకుని కుంటుతూ వచ్చింది. అద్దంలో ఎప్పుడూ ఎడమవైపు కనిపించే పైట అక్కడ కుడివైపుంది. కెమెరా ఎదుటివాళ్లు చూసినట్లే చూపిస్తుంది మరి. "ఇది మా అమ్మ నడకరా" అంది అత్త. నడుము మీది చెయ్యి తీసి, సర్దుకుని నిలబడింది. పక్కనున్న పిల్లలతో, "ఉండండి, ఇప్పుడు ఈవిడ నిటారుగా నిలబడుద్ది చూడండి" అంది. ఆవిడ నిలబడింది, ఆ వెంటే చప్పుడు లేకుండా పెదవులు కదిపింది.