ఇన్‌బాక్స్‌ను జల్లెడ పట్టిన మధ్యాహ్నం

ఈరోజు మధ్యాహ్నమంతా మెయిల్ ఫిల్టర్ల పనితోనే, అంటే వచ్చిన మెయిళ్లను వాటంతటవే వేరుచేసే నియమాలు రాయడంతోనే గడిచిపోయింది. కొంతకాలంగా ఇన్‌బాక్స్ తెరవాలంటేనే విసుగు పుడుతోంది. అందులో ఎవరో కూర్చుని నా కోసం రాసిన ఉత్తరాలు తక్కువ, యంత్రాలు పంపినవి ఎక్కువ. వాటన్నిటినీ ఒకే గాటన కట్టి స్పామ్ అనేయడం సులువే గాని, పనికి దిగే ముందు వాటిని విడదీసి చూడటం అవసరమనిపించింది. ముక్కూ మొహం తెలియని వాళ్లు లక్షల మందికి ఒకేసారి గుప్పించే అసలైన స్పామ్ చాలావరకు నా కంట పడకుండానే స్పామ్ ఫోల్డర్‌లోకి పోతోంది. ఇన్‌బాక్స్‌ను నింపుతున్నది రెండో రకం: ఎప్పుడో ఏదో కొన్నప్పుడో, ఏదో యాప్‌లో ఖాతా తెరిచినప్పుడో నా చేతులతో నేనే చిరునామా ఇచ్చిన సంస్థల ప్రకటనలు. మొదటి రకం సంగతి మెయిల్ సర్వీసు చూసుకుంటుంది, రెండో రకాన్ని నేనే చూసుకోవాలి.

మెయిల్ సర్వీసులకు ఆ నేర్పు అంత తేలిగ్గా అబ్బలేదు. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ, ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ అనే నెట్‌వర్క్‌లోని సుమారు 400 మందికి ఒకే సందేశం పంపడంతో ఈ తలనొప్పి మొదలైందని చెబుతారు. ఆ తర్వాత చాలాకాలం ఫలానా మాట ఉంటే ఆపెయ్యి అనే నియమాలతోనే నెట్టుకొచ్చారు. 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ రాసిన వ్యాసంతో, ఒక్కో మాట మంచి మెయిళ్లలో ఎంత తరచుగా వస్తుంది, చెడ్డవాటిలో ఎంత తరచుగా వస్తుంది అని లెక్కగట్టి సంభావ్యత తేల్చే పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ లెక్కలో నాకు బాగా నచ్చిన చిన్న కిటుకు ఒకటుంది: మంచి మెయిళ్లలో ఒక మాట ఎన్నిసార్లు కనిపిస్తే ఆ సంఖ్యను ఆయన రెట్టింపు చేసి లెక్కించాడు, అంటే కావాలనే తక్కెడను మంచి మెయిల్ వైపు మొగ్గేలా పెట్టాడు. పది చెత్త మెయిళ్లు కంటబడితే పోయేది కాస్త ఓపికే. రావలసిన ఉత్తరం ఒక్కటి కనిపించకుండా పోతే, పోయిన సంగతి కూడా మనకు తెలియదు. నా సొంత ఫిల్టర్లకూ ఇదే కొలత పెట్టుకున్నాను.

ఆ కొలతతో చూస్తే మాటల మీద రాసే ఫిల్టర్లలో చాలావరకు నిలబడవు. సబ్జెక్ట్ లైన్‌లో ‘ఆఫర్’ అనే మాటుంటే పక్కకు నెట్టమనాలని ఎవరికైనా ముందుగా తోస్తుంది. జీమెయిల్‌లో ఫిల్టర్ తయారుచేసే ముందు అదే షరతుతో పాత మెయిళ్లను వెతికి చూసుకునే వీలుంది కాబట్టి వెతికి చూశాను. డిస్కౌంట్ ప్రకటనల వరుస మధ్యలో, కొన్నేళ్ల కిందటి ఉద్యోగపు ఆఫర్ లెటర్ తాపీగా కూర్చుని ఉంది! అక్షరాల వరుసను మాత్రమే పోల్చే ఫిల్టర్లయితే ఇంకా విడ్డూరం: సియాలిస్ అనే మందు పేరును ఇంగ్లీషులో రాస్తే వచ్చే ఆరక్షరాలూ అదే వరుసలో స్పెషలిస్ట్ అనే మాట స్పెల్లింగులో ఉన్నాయి, కనుక ఆ మందు ప్రకటనలను ఆపబోతే డాక్టరు గారి అపాయింట్‌మెంట్ కూడా ఆగిపోవచ్చు.

అందుకే ఏం రాశారన్నది వదిలేసి, ఎవరు పంపారు, ఏ జాబితా నుంచి వచ్చింది అన్నవాటి మీదే దాదాపు అన్ని నియమాలూ రాశాను. పద్ధతిగా పంపే న్యూస్‌లెటర్ల హెడర్లలో, అంటే మామూలుగా కంటపడకుండా మెయిల్ వెంట వచ్చే సాంకేతిక వివరాల్లో, అది ఏ జాబితా నుంచి వచ్చిందో చెప్పే లిస్ట్-ఐడీ అనే పంక్తి తరచు ఉంటుంది. సబ్జెక్ట్ లైన్ రోజుకో రంగు మార్చినా ఆ పంక్తి సాధారణంగా మారదు. హెడర్లు ఎలాగూ తెరిచాను కదా అని స్పామ్ ఫోల్డర్‌లో ఉన్న ఒక బ్యాంకు హెచ్చరికను కూడా విప్పి చూశాను. పంపినవారి పేరు చోట బ్యాంకు పేరు దర్జాగా ఉంది గాని, దాని వెనకున్న చిరునామాలో @ గుర్తు తర్వాత ఉండే డొమైన్‌కు ఏ బ్యాంకుతోనూ సంబంధం లేదు. వింతేమిటంటే కింద ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే, పంపిన డొమైన్‌ను సరిచూసే పరీక్షలు రెండూ పాసైనట్టే రాసి ఉంది. అందులో తప్పేమీ లేదు: ఈ మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అన్నదే ఆ పరీక్షలు తేలుస్తాయి తప్ప, ఆ డొమైన్ నడిపేవాడు పెద్దమనిషా కాదా అన్నది వాటి పరిధిలోకి రాదు. మోసగాడు తన సొంత డొమైన్‌కు సంతకాలన్నీ సక్రమంగానే పెట్టుకోగలడు.

ఫిల్టర్‌కు చిక్కిన మెయిల్‌ను ఏం చేయాలన్న దగ్గర ఎక్కువసేపు ఆలోచించాను. డిలీట్ అనే గడి మీద ఎక్కడా టిక్కు పెట్టలేదు. ప్రకటనలన్నిటికీ ఒకే లేబుల్ తగిలించి, ఇన్‌బాక్స్‌లోకి రాకుండా పక్కన ఉండేలా చేశాను. జీమెయిల్‌లో స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్లినవి 30 రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి కాబట్టి, ఎప్పుడైనా అవసరపడతాయనుకునే వాటిని అటు పంపడం మంచిది కాదు. ‘ఎప్పుడూ స్పామ్‌కు పంపవద్దు’ అనే గడిని కూడా ఒకరిద్దరు మనుషుల చిరునామాలకే వాడాను. ఒక డొమైన్ మొత్తానికి ఆ మినహాయింపు ఇచ్చేస్తే, దాని పేరు దొంగిలించి రాసేవాడికీ మనమే తలుపు తీసిపెట్టినట్టవుతుంది.

కొన్నిటికి అసలు ఫిల్టరే అక్కర్లేకపోయింది. 2024 ఫిబ్రవరి నుంచి, జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5000కు మించి మెయిళ్లు పంపేవాళ్లు తమ ప్రకటనల్లో ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే సదుపాయం పెట్టి, అడిగిన రెండు రోజుల్లో పేరు తీసేయాలని గూగుల్ నిబంధన పెట్టింది. నేనే చేరిన జాబితాల నుంచి ఆ దారిన బయటికొచ్చేశాను. ఎక్కడివో తెలియని మెయిళ్లలోని అన్‌సబ్‌స్క్రైబ్ లింకు జోలికి మాత్రం పోలేదు, ఎందుకంటే దాన్ని నొక్కడమంటే ఈ చిరునామా వెనక మనిషి ఉన్నాడని వాళ్లకు మనమే కబురు పెట్టడం. పనిలో పనిగా పాత ఫిల్టర్ల పట్టికలో మెయిళ్లను వేరే చిరునామాకు ఫార్వర్డ్ చేసేవి ఏమైనా ఉన్నాయేమో చూశాను. ఖాతాలోకి చొరబడినవాళ్లు అలాంటి నియమం ఒకటి రహస్యంగా పెట్టి పోతుంటారు, పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అది పోదు. నా పట్టికలో అలాంటివి లేవు.

చివరికి కొరుకుడుపడనిది ఒక్కటే మిగిలింది. ఒక సంస్థ నెలవారీ బిల్లునూ పండగ డిస్కౌంట్లనూ ఒకే చిరునామా నుంచి పంపుతుంది, లిస్ట్-ఐడీ ఊసే ఉండదు. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో అయితే ఫిల్టర్లు పై నుంచి కిందకు వరుసగా నడుస్తాయి కనుక బిల్లు నియమాన్ని పైన పెట్టి, అది పట్టుకున్నాక మిగతావాటిని ఆపమని చెప్పవచ్చు. జీమెయిల్‌లో షరతుకు సరిపోయిన ఫిల్టర్లన్నీ వర్తిస్తాయి, కాబట్టి ప్రకటనల నియమంలోనే ‘బిల్లు’, ‘ఇన్‌వాయిస్’, ‘ఓటీపీ’ లాంటి మాటలు ఉండకూడదనే షరతు చేర్చవలసి వచ్చింది. మాటల మీద ఆధారపడిన నియమం ఇదొక్కటే, అందుకే దీనిమీద నాకింకా నమ్మకం కుదరలేదు. ప్రస్తుతానికి లేబుల్ మాత్రం తగిలించమని, ఇన్‌బాక్స్ నుంచి తప్పించే గడిని ఖాళీగా వదిలేశాను. వచ్చే నెల బిల్లు ఆ లేబుల్ పడకుండా వస్తే అప్పుడు టిక్కు పెడతాను.