పెత్రమాస బియ్యం

పెద్దల అమావాస్య అయిన పెత్రమాసకు ఒక రోజు ముందు, 2024 అక్టోబర్ 1న, అమ్మమ్మను వెంటబెట్టుకొని గుండ్రాంపల్లికి బయలుదేరాను. ఎల్బీనగర్‌లో ఎక్కిన ఆర్టీసీ బస్సు చౌటుప్పల్ దాటి, పంతంగి టోల్‌గేటు దగ్గర కాసేపు ఆగి, గంటన్నరలో మమ్మల్ని దించింది. విజయవాడ హైవే మీదుగా నేను ఈ ఊరిని ఎన్నిసార్లు దాటిపోయానో లెక్కలేదు కానీ, దిగడం ఇదే మొదలు. అమ్మమ్మ పుట్టినూరు అక్కడికి రెండు కోసుల దూరమే. అయినా పెళ్ళయి వెళ్ళిన తర్వాత ఆమె ఇటు తల తిప్పలేదు. దారి పొడవునా ఒడిలో చిన్న బియ్యం మూట పెట్టుకొని కూర్చుంది. ఎందుకని అడిగితే, "పోదాం పా బిడ్డా" అని మాత్రమే అంది.

1948లో ఆమెకు తొమ్మిదేళ్ళు. వెట్టిని, సర్కారు బలవంతంగా వసూలు చేసే లెవీ ధాన్యాన్ని ఎదిరించి సంగం పెట్టుకున్న ఊళ్ళ మీద, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన కాసిం రజ్వీ రజాకార్లు పడి దోచుకుంటున్న వానకాలం అది. వాళ్ళు గుండ్రాంపల్లిలో మకాం పెట్టి, చుట్టుపక్కల పట్టుకున్న వాళ్ళను అక్కడికి తరలించేవారు. చంపినవాళ్ళను బావిలో వేశారని ఈ ప్రాంతంలో ముసలివాళ్ళందరూ చెప్తారు. ఎంతమందన్నది ఒక్కొక్క నోట ఒక్కొక్క తీరుగా ఉంటుంది. అమ్మమ్మ ఇంటి నుంచి ఇద్దరు పోయారు, తండ్రీ పద్నాలుగేళ్ళ అన్నా.

ఆ రాత్రి తలుపు కొట్టి "చేన్లకు ఉరుకుండ్రి" అని చెప్పింది ఊళ్ళో గాజులమ్మే ముస్లిం ఆడమనిషేనట. తల్లీబిడ్డలు ముందు పరుగెత్తారు, ఎడ్లను విప్పి వస్తామని మగవాళ్ళు వెనక ఉండిపోయారు. జొన్నచేనులో రెండు రాత్రులు గడిచాయి. దగ్గు వస్తే తల్లి కొంగు నోట్లో కుక్కేది, ఆకు అంచులు కోసి చేతులు మండేవి, తిండికి సాళ్ళ మధ్య తీగలకు కాసిన బుడమకాయలు తప్ప ఏమీ లేవు. ఆమె ఇప్పటికీ బుడమకాయ ముట్టదు. చేదంటే గిట్టదేమో అనుకునేవాళ్ళం మేము.

ఆ ఏడు సెప్టెంబర్ 13న మొదలైన భారత సైనిక చర్య 17న నిజాం లొంగిపోవడంతో ముగిసింది. ప్రభుత్వాలు ఆ రోజును విమోచనమనీ, సమైక్యతనీ, ప్రజాపాలననీ పిలుస్తూ వచ్చాయి. అమ్మమ్మకు మాత్రం అది "యూనియన్ మిల్ట్రీ వచ్చిన ఏడు". ఆ రోజుల్లోనూ, ఆ తర్వాతా హైదరాబాద్ సంస్థానంలో ముస్లింల మీద జరిగిన ప్రతీకార హత్యల్లో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ గాజులామె ఇల్లు కూడా ఆ ఏడే ఖాళీ అయిందట.

అమ్మమ్మ తల్లి మాత్రం శవం చూడనిదే గాజులు తీయనని పట్టుబట్టి, చనిపోయేదాకా బొట్టుతోనే ఉంది. ఆమె బతికున్నంత కాలం ఆ ఇంట్లో మొగుడి పేరున, కొడుకు పేరున పెత్రమాసకు బియ్యం ఇవ్వనివ్వలేదు; ఇస్తే వాళ్ళు పోయారని ఒప్పుకున్నట్టే కదా.

గుండ్రాంపల్లిలో ఆ చనిపోయినవాళ్ళ గుర్తుగా కట్టిన స్తూపం దగ్గర అమ్మమ్మ చేతులు జోడించలేదు. "ఈ రాయి గాదు, బాయి యాడున్నది?" అంది. పక్కనే మేకలు కాస్తున్న ఒక పెద్దమనిషి నేల వైపు చేయి చూపాడు. ఆమె మెల్లగా కూర్చుని, గునుగుపూల మొక్కలు పక్కకు జరిపి, అరచేయి మట్టి మీద ఆనించి చాలాసేపు అలాగే ఉంది.

"అండ్ల పద్నాలుగేండ్ల పిలగాడు ఉన్నడా?"

ఆయన అప్పటికి పుట్టనే లేదు. తల దించుకున్నాడు.

బియ్యం మూట అక్కడ విప్పుతుందేమో అనుకున్నాను. విప్పలేదు, మళ్ళీ ఒడిలో పెట్టుకొనే తిరుగు బస్సెక్కింది.

మర్నాడు తెల్లవారి మా కాలనీ గుడిలో అయ్యగారి ముందు ఆ మూట విప్పింది. తండ్రి పేరు చెప్పింది. రెండో పేరు అడిగితే ఆగిపోయింది. ఇంట్లో అందరూ పిలిచిన ముద్దుపేరే తప్ప అసలు పేరు ఆమెకు గుర్తు రాలేదు.

"పెద్దోడు అనేటోళ్ళం అయ్యా."

అయ్యగారు ఒక్క క్షణం ఆమె వైపు చూసి, ఆ పేరే పలికి బియ్యం అందుకున్నారు.