ఇవాళ గీత సగంలో ఆపేశాను

పదకొండున్నర అయ్యింది. ఈయన ఎప్పుడో పడుకున్నారు, చిన్నోడి రూమ్‌లో లైట్ ఇంకా వెలుగుతోంది గానీ వెళ్ళి అడిగే ఓపిక లేదు. పొద్దున్నుంచి ఒకటే విషయం లోపల గుచ్చుకుంటోంది, రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

ఆదివారాలు నేను పొద్దున్నే ఘంటసాల గారి భగవద్గీత పెట్టుకుంటానని మీకు తెలుసుగా. ఇవాళా ఆరింటికి స్పీకర్‌లో పెట్టి, డికాక్షన్ వేసి, బాల్కనీలో తులసికి నీళ్ళు పోస్తున్నాను. కాలింగ్ బెల్ మోగింది. ఎదురు ఫ్లాట్ ఆవిడ. తలస్నానం చేసి, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని అలాగే వచ్చేసింది. "ఏమీ అనుకోకండి, ఇవాళ మా అమ్మాయికి పెళ్ళిచూపులు, పదింటికి వస్తారు వాళ్ళు, పొద్దున్నే ఇది వినబడుతుంటే మనసు ఏదోలా ఉంది, కాస్త ఆపేస్తారా, పాలబ్బాయి కూడా లిఫ్ట్ దగ్గర అడిగాడు, ఎవరైనా పోయారాండీ అని."

నేనేమన్నానో తెలుసా. "అయ్యో, దానికేముందండీ" అన్నాను, నవ్వుతూ. వెళ్ళి ఆపేశాను. అప్పటికి ఇంకా పత్రం పుష్పం దాకా రానేలేదు. ఆ శ్లోకం కోసమే నేను గీత పెట్టుకునేది, ఎందుకో కింద చెప్తాను. తలుపు వేసి వచ్చి చూస్తే డికాక్షన్ చల్లారిపోయింది, ఇల్లంతా నిశ్శబ్దం, నాకు ఒళ్ళు మండిపోయింది.

అసలు మనవాళ్ళు ఎందుకిలా చేశారు ఆ గీతని? సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం పెడితే పొద్దున్నే ఎంత బావుందో అంటారు. ఘంటసాల గారి గొంతులో మొదటి శ్లోకం వినబడగానే మాత్రం వీధిలో తలుపులు తెరుచుకుంటాయి, ఏ ఇంటి ముందు షామియానా వేశారా అని చూస్తారు. ఫ్రీజర్ బాక్స్ తెచ్చేవాళ్ళు బాక్స్‌తో పాటే స్పీకర్ కూడా తెస్తారు, దాంట్లో ఆయన గీత రెడీగా ఉంటుంది, ఎవరూ అడగక్కర్లేదు. కృష్ణుడు ఎవరికి చెప్పాడు గీత? బతికున్న మనిషికి, విల్లు కింద పడేసి నా వల్ల కాదని కూర్చున్న మనిషికి, లేచి నీ పని నువ్వు చెయ్యమని చెప్పాడు. రథం మీద బతికున్నవాడికి చెప్పినదాన్ని తెచ్చి వైకుంఠ రథం మీద పోయినవాడికి వినిపిస్తున్నాం మనం. పోనీ పక్కన నడిచేవాళ్ళైనా వింటారా అంటే ఫోన్లు మాట్లాడుకుంటూ ఉంటారు.

ఇదంతా ఈయనతో అంటే పేపర్ లోంచి తల ఎత్తకుండా "పోనీలే, వాళ్ళింట్లో శుభకార్యం కదా" అన్నారు. మధ్యాహ్నం భోజనాల దాకా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఈ విషయంలో నాకు ఇంత పట్టింపు రావడానికి నాన్న కారణం. మాది గుడివాడ, ఘంటసాల గారు పుట్టిన చౌటపల్లి ఆ దగ్గర్లోదే, అందుకని నాన్నకి ఆయన సినిమా మనిషి కాదు, మా వైపు పిల్లాడు. అన్నం దగ్గర మేం పేచీ పెట్టామంటే చాలు, విజయనగరం కథ మొదలయ్యేది. చిన్నప్పుడే తండ్రి పోయాడు, సంగీతం నేర్చుకోవాలని ఒక్కడే అంత దూరం వెళ్ళాడు, తినడానికి లేక జోలె కట్టుకుని ఇంటింటికీ మధుకరం ఎత్తుకున్నాడు, పట్రాయని సీతారామశాస్త్రి గారు పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పారు, నీకు వంకాయ కూర నచ్చలేదా, అనేవారు. తర్వాత 1942 ఉద్యమంలో జైలుకెళ్ళడం, మద్రాసు వెళ్ళి పానగల్ పార్కులో పడుకోవడం, కోరస్‌లో పదిమంది మధ్య నిలబడి పాడటం, అన్నీ వరసగా వచ్చేవి. నాన్నకి అన్నిటికంటే ఇష్టమైంది చివర్లో చెప్పేవారు, ఆ గురువుగారి కొడుకు సంగీతరావు గారే తర్వాత ఏళ్ళ తరబడి ఘంటసాల గారి పక్కన హార్మోనియం పట్టుకుని కూర్చున్నారని. అన్నం పెట్టిన చెయ్యిని మర్చిపోకపోవడం అంటే అది, అని కళ్ళు తుడుచుకునేవారు, మేం ఈలోగా వంకాయ కూర కంచం పక్కకి నెట్టేసేవాళ్ళం.

పద్యం గురించి కూడా చెప్పేవారు. నాటకాల్లో పద్యం అంటే రాగం సాగదీసి సాగదీసి వన్స్ మోర్‌లు కొట్టించుకోవడమే, ఏం పద్యమో ఎవరికీ తెలిసేది కాదు, ఘంటసాల వచ్చాక మాట వినబడటం మొదలైంది అని. అప్పుడు అర్థం కాలేదు గానీ గీత వింటుంటే తెలుస్తుంది. సంస్కృతం రానివాళ్ళకి కూడా ఏ పదానికా పదం విడిగా చేతికి అందుతుంది, వెంటనే అదే గొంతుతో తెలుగులో తాత్పర్యం. ఏడు వందల శ్లోకాల్లోంచి వంద పైచిలుకు ఏరి పాడారు. మా అత్తయ్య బడి మొహం చూడలేదు, సంతకం కూడా కష్టపడి పెట్టేది, కానీ స్థితప్రజ్ఞుడంటే ఎవరో చెప్పమంటే ఘంటసాల గారి మాటల్లోనే గడగడా చెప్పేది.

సరే, కేసెట్ సంగతి.

1985లో మావయ్య మస్కట్ నుంచి టేప్ రికార్డర్ తెచ్చాడు. నాన్న మర్నాడే బజారుకెళ్ళి గీత కేసెట్ కొనుక్కొచ్చారు. ఇక రోజూ పొద్దున్నే అదే, నాన్న గడ్డం గీసుకోవడం, అమ్మ పాలు కాయడం, నేను జడలు వేయించుకోవడానికి రిబ్బన్లు పట్టుకుని నిలబడటం, అన్నీ ఆ శ్లోకాల మీద నడిచేవి. ఏ శ్లోకం దగ్గరికి జడ పూర్తవ్వకపోతే స్కూలుకి లేటో కూడా తెలిసేది నాకు. తమ్ముడికి ఏడేళ్ళు అప్పుడు. తన గొంతు రికార్డ్ చేసుకోవాలని ఒకటే గోల, ఖాళీ కేసెట్ కొనమంటే నాన్న కొనలేదు. కంపెనీ కేసెట్లకి వెనక అంచున చిన్న ముక్క విరిగి ఉండేది గుర్తుందా, అందుకే రికార్డ్ బటన్ దిగేది కాదు. వీడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, ఆ గుంటలో కాగితం ఉండ కుక్కి, నాన్న స్నానానికి వెళ్ళిన టైమ్ చూసి బటన్ నొక్కేశాడు. వీడు నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అమ్మ, "ఒరేయ్, పాలు పొంగుతున్నాయిరా, స్టవ్ ఆర్పు!" వీడు భయపడి బటన్ ఎత్తేశాడు.

అంతే, ఆరు సెకన్లు. పత్రం పుష్పం ఫలం తోయం అని శ్లోకం అయిపోయి తాత్పర్యం మొదలవుతుంది, టక్కుమని చప్పుడు, అమ్మ పాలు, మళ్ళీ టక్కు, ఘంటసాల గారు సగం వాక్యంలోంచి అందుకుంటారు. నాన్న ఆ రోజు తమ్ముడి వీపు చిట్లగొట్టారు. ఆ తర్వాత ఎన్నేళ్ళు విన్నామో లెక్కలేదు, వినీ వినీ ఆ మాట గీతలో భాగమైపోయింది. తమ్ముడు శ్లోకం అప్పచెప్పేటప్పుడు కూడా ఆకు, పువ్వు, పండు, నీళ్ళు, పాలు పొంగుతున్నాయిరా అని చెప్పేవాడు. అమ్మ మాత్రం ఆ చోటు రాగానే సిగ్గుపడి పెరట్లోకి వెళ్ళిపోయేది, ఘంటసాల మధ్యలో నా గొంతేంటే అసహ్యంగా, అని.

అమ్మ గొంతు రికార్డయింది ఆ ఒక్క చోటే. పెళ్ళిళ్ళ వీడియోల్లో ఉంది గానీ మాట్లాడుతూ లేదు, వాటి మీద అన్నీ సినిమా పాటలే వేశారు.

ఆ కేసెట్ ఇప్పుడు లేదు. గుడివాడ ఇల్లు అమ్మినప్పుడు అటక మీది సామానంతా తమ్ముడు పాత సామాన్లవాడికి వేసేశాడు, నాకు ఫోనైనా చెయ్యలేదు. ఇత్తడి బిందెలు మాత్రం జాగ్రత్తగా లెక్కపెట్టి పంపాడు. కేసెట్లు ఏవిరా అంటే "అవన్నీ బూజు పట్టాయక్కా, అయినా యూట్యూబ్‌లో అంతా ఉందిగా" అన్నాడు. ఉంది. అంతా ఉంది. ఆరు సెకన్లు కూడా తక్కువ లేకుండా ఉంది. ఈ మాట మీద వాడితో నాలుగు నెలలు మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుతున్నా గానీ ఆ ముల్లు పోలేదు, ఈ రాత్రి కూడా రాస్తుంటే వేళ్ళు గట్టిగా పడుతున్నాయి స్క్రీన్ మీద.

పదకొండింటికి ఎదురు ఫ్లాట్‌లో పెళ్ళివారు వచ్చారు. తలుపులు తీసే ఉన్నాయి, టీవీలో పాత పాటలు పెట్టారు, వచ్చినవాళ్ళకి హుషారుగా ఉండాలని కాబోలు. ఉప్మా వాసన, గాజుల చప్పుడు, వాటి మధ్యలోంచి మాయాబజార్‌లో వెన్నెల్లో పడవ పాట. ఘంటసాల, లీల. 1957లో పాడిన పాటకి ఇవాళ ఎవరో పెద్దాయన చిటికెలు వేస్తున్నాడు, చక్కగా వినబడుతోంది నాకు. నేను మా గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అదే గొంతు కదండీ, ఆరింటికి పనికిరానిది పదకొండింటికి ఎలా పనికొచ్చింది అని వెళ్ళి అడిగేద్దామా అనిపించింది. అడగలేదు. ఆ పిల్ల పట్టుచీరలో కాఫీ ట్రే పట్టుకుని వణుకుతూ నడుస్తోంది, దాన్ని చూశాక మాట రాలేదు.

ఇక్కడి దాకా రాసి కాసేపు ఆపాను. రాసినదంతా మళ్ళీ చదివితే ఆవిడ మీద కోపం నిలబడట్లేదు.

ఒకటేమో, ఘంటసాల గారు గీత పాడేనాటికే ఆయన ఒంట్లో బాగాలేదు, సుగరు, గుండె జబ్బు. 1974 ఫిబ్రవరి 11న పోయారు, యాభై ఒక్క ఏళ్ళకే. రికార్డు బయటికి వచ్చింది ఆ తర్వాత. అంటే జనం ఆ గీత మొదటిసారి విన్నదే ఆయన లేరన్న బాధలో. ఇంతకాలం ఈ రెండూ విడివిడిగా తెలుసు నాకు, పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. చావు అనే మాట మనవాళ్ళు తర్వాత తెచ్చి అంటించింది కాదేమో, మొదటి రోజు నుంచే ఆ గొంతులో ఉందేమో. పోయిన మనిషి మన పక్కన కూర్చుని, ఏడవకు, ఇది ఇలాగే ఉంటుంది అని నెమ్మదిగా చెప్తున్నట్టు విన్నారేమో అప్పటివాళ్ళు. అలాంటప్పుడు ఇంట్లో ఎవరైనా పోతే ఆ గొంతునే పిలుచుకోవడంలో తప్పేముంది?

రెండోది రాయడం కష్టంగా ఉంది. 2013లో అమ్మ పోయినప్పుడు బాక్స్ తెచ్చిన కుర్రాడు మామూలుగానే స్పీకర్ పెట్టాడు. నాకు మొదట ఏం అనిపించలేదు, నిజం చెప్పాలంటే ధైర్యంగానే ఉంది, ఇంట్లో పొద్దుటి పూట వినబడేదే కదా. అమ్మ తల దగ్గర కూర్చున్నాను. ఒక్కో అధ్యాయం నడుస్తోంది. పత్రం పుష్పం వచ్చింది. నా ఒళ్ళంతా చెవులైపోయాయి, తాత్పర్యం మొదలైంది, ఇప్పుడు అమ్మ అంటుంది, ఇదిగో ఇప్పుడు అంటుంది అని చూశాను, నిజంగానే చూశాను, తెలిసి కూడా. ఘంటసాల గారు ఎక్కడా ఆగకుండా వాక్యం పూర్తి చేసి తర్వాతి శ్లోకంలోకి వెళ్ళిపోయారు. "ఆపండి, ఎవరు పెట్టారు ఇది, ఆపండి!" అని అరిచాను. వీధిలో కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆ కుర్రాడు బిత్తరపోయి వైరు పీకేశాడు.

గీత ఆపెయ్యమని నేనూ అడిగాను మరి. ఆవిడ నాకంటే మర్యాదగా అడిగింది, బెల్ కొట్టి, ఏమీ అనుకోకండి అని. ఆవిడకి ఎవరి గొంతు గుర్తొస్తుందో ఆ శ్లోకాల్లో, నేను అడిగానా? ఆవిడ ఈ ఫ్లాట్‌లోకి వచ్చేటప్పటికే భర్త లేడు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఒక్కసారి కూడా కదపలేదు నేను.

అయినా అమ్మ పోయాక ఆర్నెల్లకి గీత మళ్ళీ నేనే మొదలుపెట్టాను, ఆదివారాలు. ఆ చోటు రావడం, నేను చేతిలో పని ఆపి నిలబడటం, ఏమీ రాకపోవడం, మళ్ళీ పనిలో పడటం. ఇవాళ ఆ నిలబడటం తప్పిపోయింది, అందుకే ఇంత గొడవ నాలో.

ఇందాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పొద్దున ఆపిన చోటు నుంచి విన్నాను. శ్లోకం అయింది, తాత్పర్యం అయింది. వంటింటి వైపు చూశాను, స్టవ్ మీద ఏమీ లేదు, రాత్రే తుడిచి పెట్టేశాను కదా.

వచ్చే ఆదివారం పెడతాను. సౌండ్ ఎంత పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. రేపు పాలు తీసుకునేటప్పుడు ఆవిడ కనిపిస్తే సంబంధం కుదిరిందో లేదో అడగాలి.