గాలి హోరులో భూకంపం వినపడదు

ఐస్‌లాండ్‌లో టూరిస్టు వ్యాన్ నడుపుతాను. పొద్దున కాఫీ పొంగేలోపు ఫోన్‌లో మూడు చూసుకుంటాను: దారిలో గాలి, రాత్రి వచ్చిన భూకంపాలు, మంచు కింద నుంచి వచ్చే నదుల సంగతి. మూడింటినీ చూసేది ఒకే ఆఫీసు, 1920లో పెట్టిన ఇక్కడి వాతావరణ శాఖ.

మచిలీపట్నంలో పెరిగినవాణ్ణి. వాతావరణ శాఖ అంటే నాకు తుపాను, రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరు, అంతే. వీళ్లకి భూకంపాలతో ఏం పని అనుకునేవాణ్ణి. 2023 నవంబరు 10 రాత్రి మా వంటగదిలో గరిటెలు గంటల్లా మోగుతుంటే మ్యాపు తెరిచాను. రేక్యానెస్ ద్వీపకల్పం నిండా ఆకుపచ్చ నక్షత్రాలు. ఒక్కో నక్షత్రం తీవ్రత 3 దాటిన ఒక భూకంపం. శిలాద్రవం గ్రిండవిక్ ఊరి కిందికి పాకుతోందని తేల్చి, ఆ రాత్రే ఊరంతా ఖాళీ చేయించారు. దాదాపు 3,800 మంది. లావా మాత్రం డిసెంబరు 18 దాకా పైకి రాలేదు.

ఆ చలికాలంలోనే ఒక రోజు మ్యాపు దాదాపు ఖాళీగా కనిపించింది. హమ్మయ్య, భూమి సద్దుమణిగింది అనుకున్నాను. కింద చిన్న గమనిక: గాలివాన వల్ల చిన్న భూకంపాలను పట్టుకోవడం కష్టంగా ఉంది. అప్పుడు వెలిగింది నాకు. గాలి, అలలు నేలను ఊపేస్తుంటే ఆ హోరులో చిన్న చిన్న ప్రకంపనలు కలిసిపోతాయి. భూకంపాలు చూసేవాడికి గాలి లెక్క తెలియకపోతే మ్యాపు చూసి నాలాగే మోసపోతాడు.

నదులది ఇంకో కథ. వీక్ ఊరు దాటాక ములాక్విస్ల్ అనే నది వస్తుంది. మిర్‌డాల్స్ హిమానీనదం కింద కట్లా అగ్నిపర్వతం ఉంది, చివరిసారి పెద్దగా పేలింది 1918లో. దాని వేడికి మంచు కరిగి కిందే నీళ్లు చేరతాయి, ఒక్కోసారి కట్ట తెగినట్టు బయటపడతాయి. 2011 జూలైలో అలాంటి వరదే ఆ నది మీది వంతెనను ఎత్తుకుపోయింది. దేశాన్ని చుట్టే ప్రధాన రోడ్డు అక్కడ తెగింది. అందుకని నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో కొలిచే సాధనాలు పెట్టారు. భూగర్భంలోని వేడి నీళ్లు కలిస్తే ఆ అంకె పెరుగుతుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసనా వస్తుంది. టూరిస్టులు ముక్కు మూసుకుని నావైపు అనుమానంగా చూస్తారు. నేను కాదు మహాప్రభో!

అమ్మతో మాత్రం గాలి గురించే గొడవ. ఇక్కడ సెకనుకు ఇన్ని మీటర్లని చెబుతారు. మొన్న ఫోన్‌లో 25 అన్నాను.

"అంతేనా?" అంది.

"గంటకి 90 కిలోమీటర్లమ్మా."

"ఒరేయ్, అది తుపానురా! బండి తియ్యకు."

తియ్యలేదు. ఓసారి ఇలాంటి గాలికే వ్యాన్ తలుపు కీళ్లు వంగిపోయాయి, ఆ బిల్లు ఇంకా గుర్తుంది. ఆ రోజూ భూకంపాల మ్యాపు చూస్తే ఖాళీగానే ఉంది. ఈసారి నమ్మలేదు.