ఇరవై మీటల తెలుగు మాక్రో కీబోర్డు: నా అనుభవం

సాంకేతిక విషయాల తెలుగు అనువాదాలను దిద్దడం నా వృత్తి. నేను టైపు చేసేది భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో. అందులో ‘శాస్త్రం’ అన్న మాటలోని ‘స్త్ర’ రావాలంటే స, పొల్లు, త, పొల్లు, ర అని ఐదు మీటలు వరుసగా నొక్కాలి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు వకారం వత్తుగా మారి టకారం కిందికి దిగిపోకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ కోసమైతే నా కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, 2 మీటలను కలిపి నొక్కాలి. ఇలాంటివాటిని ఒక్కొక్క మీటకు కుదించుకోవాలనే ఈ మాక్రో కీబోర్డు, అంటే ఒక మీట నొక్కితే కొన్ని మీటల వరుసను తానే పంపే చిన్న కీబోర్డు, మొదలుపెట్టాను.

యూఎస్‌బీ కీబోర్డు కంప్యూటరుకు అక్షరాన్ని పంపదు. ఏ స్థానంలోని మీటను నొక్కామో తెలిపే సంఖ్యను మాత్రమే పంపుతుంది, దానిని ఏ అక్షరంగా చూపాలో ఆ సమయంలో ఎంచుకున్న భాషా అమరిక నిర్ణయిస్తుంది. కాబట్టి తెలుగు అక్షరాలకు కంప్యూటర్లలో కేటాయించిన యూనికోడ్ సంఖ్యలతో నాకు నిమిత్తం లేదు. ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకుని ఉన్నప్పుడు ఎం, డి, ఎల్, డి, జె మీటల సంకేతాలు వరుసగా వెళితే చాలు, తెర మీద ‘స్త్ర’ పడుతుంది.

మీటలను చదివి కంప్యూటరుకు సంకేతాలు పంపే చిన్న సర్క్యూట్ బోర్డుగా ప్రో మైక్రోను ఎంచుకోవడానికి కారణం అందులోని ఏటీమెగా32యూ4 చిప్‌కు యూఎస్‌బీ సౌకర్యం సహజంగానే ఉండడం. ఆ బోర్డులో వాడుకోదగిన పిన్నులు 18, నాకు కావలసిన మీటలు 20. నాలుగు అడ్డు వరుసలు, ఐదు నిలువు వరుసల గడుల అల్లికగా (మాట్రిక్సు) కలిపితే, వరుసకొక పిన్ను చొప్పున తొమ్మిది పిన్నులే సరిపోతాయి. అయితే మాట్రిక్సులో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు లేకపోతే, దీర్ఘచతురస్రపు మూడు మూలల్లోని మీటలను ఒకేసారి నొక్కినప్పుడు నాలుగోది కూడా నొక్కినట్టు చిప్ పొరబడుతుంది. ఒక్కొక్క మీటే నొక్కే మాక్రో కీబోర్డుకు ఇది అవసరమా అని అడిగేవారున్నారు. నిజానికి పెద్ద అవసరం లేదు, కానీ డయోడ్ల ఖర్చు అత్యల్పం కనుక వాటిని మానుకోవడంలో నాకు తెలివి కనిపించలేదు. 1ఎన్4148 డయోడ్లు, తీగ, టంకం హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరికాయి.

మీటల కింది స్విచ్చులు కూర్చునే పలకను 3 మి.మీ. అక్రిలిక్‌లో లేజరుతో కోయించాను. మీటల మధ్య దూరం 19.05 మి.మీ., ఒక్కో రంధ్రం 14 మి.మీ. చదరం. లేజరు తాను కోసిన గీత వెడల్పు మేరకు పదార్థాన్ని కాల్చేస్తుంది కనుక, ముందుగా చిన్న ముక్కలో కొద్దికొద్ది తేడాలతో రంధ్రాలు కోయించి, స్విచ్చు బిగుతుగా కూర్చున్న కొలతనే తుది చిత్రంలో వాడాను. స్విచ్చుల కొక్కేలు 1.5 మి.మీ. పలకకు తగినట్టు ఉంటాయి కాబట్టి, ఈ మందంలో అవి పట్టుకోలేదు. వెనుక నుంచి వేడి జిగురు చుక్కలు వేయక తప్పలేదు.

టంకం వేయడమే ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. ప్రతి డయోడు ఒక కాలును స్విచ్చు కాలికి అతికి, నల్ల గీత ఉన్న వైపు కాలును పక్క డయోడు వరకు వంచి కలుపుకుంటూ పోతే, ఆ కాళ్లే అడ్డు వరుసగా మారతాయి, వేరే తీగ అక్కరలేదు. నిలువు వరుసలకు మాత్రం తొడుగున్న తీగ కావాలి. 63/37 (తగరం, సీసం పాళ్లు) టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. టంకం వేసే ఐరన్‌ను 350 డిగ్రీల దగ్గర పెట్టుకుని రెండు మూడు క్షణాల్లో తీసేయాలి, లేకపోతే స్విచ్చు ప్లాస్టిక్ మెత్తబడి కాలు పక్కకు ఒరుగుతుంది. బోర్డును కలపకముందే మల్టీమీటరును డయోడు పరీక్షలో ఉంచి, ఎర్ర కొనను నిలువు వరుసకు, నల్ల కొనను అడ్డు వరుసకు ఆనించి ఒక్కొక్క మీటా నొక్కి చూశాను. 0.6 వోల్టుల చుట్టుపక్కల అంకె కనిపిస్తే ఆ అతుకు బాగున్నట్టే.

బోర్డులో నడిచే సాఫ్ట్‌వేరుగా, కీబోర్డుల కోసమే రాసిన క్యూఎంకేను వాడాను. సంకేతాలు మరీ వేగంగా వెళితే కొన్ని ఎడిటర్లు మధ్యలో ఒకటి రెండు వదిలేస్తాయి. ఒక్కో సంకేతానికీ మధ్య పది మిల్లీసెకన్ల విరామం ఇవ్వడంతో ఆ బెడద తీరింది. మీటల పైన పారదర్శకమైన టోపీలు పెట్టి, వాటి కింద అక్షరాలు ముద్రించిన కాగితపు ముక్కలు ఉంచాను.

ఎంతో ఆలోచించి చోటు కల్పించిన ‘త్స్న్య’ వంటి సంయుక్తాక్షరాల మీటలను ఇప్పుడు దాదాపు ముట్టుకోవడం లేదు. నాన్ జాయినర్ మీటకే పని ఎక్కువ, అందుకే దానిని బొటనవేలికి అందే కింది మూలకు మార్చాను.