సగంలో దిగిన చెయ్యి

"అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి" అన్నారు మున్సిపల్ చైర్‌పర్సన్. మా వార్డు కౌన్సిలరమ్మ చెయ్యి భుజం దాకా లేచింది. పక్క కుర్చీలోని ఆమె పార్టీ నాయకుడు తల తిప్పి చూశారు. చెయ్యి దిగిపోయింది.

అజెండాలోని ఆ అంశం మా వీధి మురుగుకాలువ. ఆమె ఇల్లూ ఆ వీధిలోనే. మొన్నటి వానకు ఆమె గడప దాకా నీళ్లు రావడం నేను కళ్లారా చూశాను.

చైర్‌పర్సన్ ఎన్నికకో, అవిశ్వాస తీర్మానానికో విప్, అంటే ఇలాగే ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం, ఉంటుంది, సరే. కాలువకు విప్ ఎక్కడిది? ఒక్క చూపు చాలింది. ఒక్క ఓటు తేడాతో అంశం వీగిపోయింది. చైర్‌పర్సన్ ఎన్నిక నాడు ఎమ్మెల్యే, ఎంపీ కూడా పదవి రీత్యా (ఎక్స్ అఫీషియో) సభ్యులుగా వచ్చి ఓటు వేశారు. ఈ రోజు ఇద్దరూ రాలేదు. నాకు చాలా బాధగా ఉంది.

1993లో మున్సిపాలిటీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చినప్పుడు, ఇక మన వీధి సంగతి మన వీధివాళ్లే తేలుస్తారని నాన్న ఎంత సంబరపడ్డారో!

సమావేశం ముగిశాక మెట్ల దగ్గర ఆమె ఎదురయ్యారు. ఎందుకమ్మా అని అడగబోయాను. ఆమె కళ్లు చూశాక అడగలేకపోయాను.

"మళ్లీ మబ్బు పట్టింది కదా" అన్నారు ఆమే, నెమ్మదిగా.